కప్పుడు నీళ్లకి మూడు కిలోల కెటిల్

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. వయసు వల్లో జబ్బు వల్లో రోజువారీ పనులు కష్టమైనవాళ్లకి ఆ పనులు మళ్లీ ఎలా చేసుకోవచ్చో చూపించడం నా వృత్తి. ఈ కేసులో అరుదైన జబ్బేమీ లేదు. ఒక పెద్దావిడ, ఒక ఎలక్ట్రిక్ కెటిల్, మొదటి రోజే నేను చేసిన ఒక పొరపాటు, అంతే. రాస్తున్నది ఆ పొరపాటు గురించే. రాసుకోవడానికి ఆవిడా, ఆవిడ కొడుకూ ఒప్పుకున్నారు. ఎవరైనా పోల్చుకునే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ఆవిడకి 78 ఏళ్లు. కొడుకు, కోడలు ఉద్యోగాలకి వెళ్తారు కాబట్టి పగలంతా ఇంట్లో ఒక్కరే. రెండు చేతుల్లోనూ బొటనవేలి మొదట్లో ఉండే కీలు అరిగిపోయింది. కుడిచేతికి నొప్పి ఎక్కువ. దీనికి తోడు చాలా ఏళ్లుగా ఎసెన్షియల్ ట్రెమర్ ఉంది. ఇది చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వచ్చే వణుకు కాదు. ఏదైనా పట్టుకుని పని చెయ్యబోతేనే వస్తుంది, ఆవిడకి గురి దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది కూడా. కప్పులోకి నీళ్లు పొయ్యడం సరిగ్గా అలాంటి పనే. కళ్లకి మాక్యులర్ డీజనరేషన్. పక్కచూపు బాగానే ఉంది కానీ సూటిగా చూసినచోట మసక. జ్ఞాపకశక్తికీ ఆలోచనకీ ఏ లోటూ లేదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ దీనిమీదే నిలబడ్డాయి.

నా దగ్గరికి వచ్చిన సమస్య

కెటిల్లో నీళ్లు ఎడమ తొడ మీద ఒలికాయి. అరచెయ్యంత మేర బొబ్బలు. ఆ కంగారులో ఎవరో తడిగుడ్డ అద్ది ఆస్పత్రికి తీసుకెళ్లారు. పారే చల్లటి నీటి కింద 20 నిమిషాలు ఉంచాలన్న సంగతి ఎవరికీ తెలియదు. గాయం మానుతుండగా అక్కడి డాక్టరు నాకు చీటీ రాశారు: "వాడటానికి తేలికైన, ప్రమాదం లేని కెటిల్ సూచించగలరు."

ఆ వాక్యం చదవగానే నా బుర్ర కెటిళ్ల వైపు పరిగెత్తింది. తప్పు అక్కడే మొదలైంది.

నేను వెళ్లేసరికి కొడుకు కెటిల్‌ని అలమరలో పెట్టి తాళం వేశాడు. "మేము ఉన్నప్పుడు పెట్టిస్తాం, ఫ్లాస్కులో పోసి వెళ్తాం" అన్నాడు. ఆవిడ అతని ముందు ఏమీ అనలేదు. అతను ఫోనొచ్చి బయటికి వెళ్లాక, "మధ్యాహ్నం గిన్నెలో కాచుకుంటున్నానమ్మా, వాడికి చెప్పకు" అన్నారు. రెండు వైపులా పిడులు కూడా లేని గిన్నె, మంట మీంచి దించడం, గుడ్డతో పట్టుకోవడం! కెటిల్ దాచేస్తే ప్రమాదం పోలేదు, కొడుకు కళ్లకి కనపడని చోటికి వెళ్లింది. అందుకే ఆ రోజే కొడుకుతో మాట్లాడి తాళం తీయించాను. అయితే ఆవిడ రహస్యం బయటపెట్టలేదు. "ఒంటరిగా ఉన్న మనిషికి వేడినీళ్లు కావాలనిపిస్తే ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. ఆ దారి మనకి తెలిసి ఉండటం మంచిది" అన్నాను. అతను అర్థం చేసుకున్నాడనే అనుకుంటున్నాను.

మొదటి పరీక్ష, అందులో నా పొరపాటు

పట్టు కొలిచాను: కుడి 9 కిలోలు, ఎడమ 12. తక్కువే. కెటిల్ స్టీలుది, 1.7 లీటర్లది, ఖాళీగా 1.2 కిలోలు. పూర్తిగా నింపితే లీటరు నీరు కిలో కాబట్టి 2.9 కిలోలు. పైగా ఆ బరువు చేతికి సూటిగా కింద వేలాడదు. హ్యాండిల్ వెనక ఉంటుంది, నీళ్లు ముందు ఉంటాయి. కెటిల్ ముందుకి తూలిపోకుండా ఆపే భారమంతా బొటనవేలి మొదలు మీదా మణికట్టు మీదా పడుతుంది. సరిగ్గా ఆవిడకి అరిగిన కీలు అదే.

తర్వాత పోసి చూపించమన్నాను. వేడినీళ్లతో ప్రమాదమని చన్నీళ్లే వాడాం. ఆవిడని శ్రమ పెట్టడమెందుకని నేనే సగం వరకూ నింపి చేతికిచ్చాను. కొంచెం వణికినా పోశారు. సగం కెటిలే ఇంత కష్టమైతే బరువే అసలు సమస్య అని తేల్చేసుకున్నాను. నేను నింపి ఇవ్వడం వల్ల ఏం చూడలేకపోయానో అప్పటికి నాకు తట్టలేదు.

వంచే స్టాండు

మొదటి సలహా కెటిల్‌ని వంచే స్టాండు. కెటిల్‌ని ఒక ఊయల్లాంటి చట్రంలో కూర్చోబెట్టి పట్టీతో బిగిస్తారు. ఎత్తక్కర్లేదు, హ్యాండిల్ పట్టుకుని ముందుకి వంచితే చాలు. బరువే సమస్య అనుకున్నప్పుడు ఇది కాగితం మీద పక్కా పరిష్కారం. కొత్త కెటిల్ కొనక్కర్లేదు, అలవాటైన వస్తువు అలాగే ఉంటుంది. పెద్దవాళ్లకి కొత్త మీటలు నేర్పడం కంటే పాతవాటి చుట్టూ ఏర్పాటు చెయ్యడం మేలని నేను ఇప్పటికీ నమ్ముతాను.

పదిరోజులకి కొడుకు ఫోన్ చేశాడు. కప్పు పొంగి గట్టంతా వేడినీళ్లట. అదృష్టం కొద్దీ ఒంటి మీద పడలేదు. వెళ్లి చూస్తే కెటిల్ అంచుదాకా నిండి ఉంది. పట్టీ విప్పి సింకు దగ్గరికి తీసుకెళ్లడం కష్టమని, ఆవిడ చెంబుతో నాలుగైదు విడతలుగా నింపుతున్నారు. నిండుగా ఉన్న కెటిల్‌ని కాస్త వంచినా నీళ్లు కొమ్ము దాకా వచ్చేసి ఒక్కసారిగా దూకుతాయి. ఎత్తేటప్పుడు బరువు చేతికి తెలిస్తే, ఎన్ని నీళ్లున్నాయో కూడా తెలుస్తుంది. స్టాండు ఆ బరువుతోపాటు ఆ కబురు కూడా తీసేసింది.

ఇంత ఎందుకు నింపుతున్నారని అప్పుడైనా అడగాల్సింది. అడగలేదు. "సగమే నింపండి అమ్మగారూ" అని చెప్పి వచ్చేశాను.

బటన్ నొక్కితే కప్పుడు వచ్చే యంత్రం

రెండో ప్రయత్నం కొడుకుది. నేను కాదనలేదు. వెనక ట్యాంకులో నీళ్లు, కింద కప్పు, బటన్ నొక్కితే కప్పుకి సరిపడా వేడినీళ్లు వస్తాయి. వేడిదేదీ ఎత్తక్కర్లేదు. చూపు బాగుండి చేతిలో మాత్రమే బలం లేనివాళ్లకి దీన్ని నేను సంతోషంగా సూచిస్తాను.

ఆవిడకి పనిచెయ్యలేదు. బటన్ అంటే నిజానికి బటన్ కాదు, నున్నటి గాజు పలక మీద నీలిరంగు గుర్తు. వేలికి తగిలేది ఏమీ లేదు, కంటికి మసక. నొక్కాక నీళ్లు కాగడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపట్లో యంత్రం మాట్లాడదు. నొక్కలేదేమోనని ఆవిడ మళ్లీ నొక్కుతారు, ఆ మోడల్లో రెండోసారి నొక్కితే ఆగిపోతుంది. మూడోసారి నొక్కుతారు. చివరికి నీళ్లొస్తున్నాయో లేదో చూసుకోవడానికి గొట్టం కింద వేలు పెట్టారు. నేను ఎదురుగానే ఉన్నాను కాబట్టి చెయ్యి లాగేశాను. 60 డిగ్రీల నీరు అయిదు సెకన్లలో పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చేస్తుంది. 70 దగ్గర సెకను చాలు. ముసలితనంలో చర్మం పలచబడుతుంది కాబట్టి అంత సమయం కూడా ఉండదు. యంత్రం ఆ సాయంత్రమే వెనక్కి వెళ్లింది.

అడగాల్సిన ప్రశ్న

ఆ తర్వాత వెళ్లినప్పుడు నేను ఏ పనీ చెయ్యకూడదని నిర్ణయించుకున్నాను. పాత కెటిల్ బయట పెట్టించి, "రోజూ ఎలా పెట్టుకుంటారో అలాగే మొదటినుంచీ పెట్టండి, నేను మాట్లాడను" అన్నాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా వృత్తిలో ఇది చాలా కష్టమైన పని.

కెటిల్‌ని కుళాయి కింద పెట్టి, చెవి వంచి శబ్దం వింటూ నింపారు. నీళ్లు పొర్లాక కట్టారు. రెండు చేతులా పొదివి పట్టుకుని వచ్చి దిమ్మ మీద పెట్టారు. మూత ఒకసారి నొక్కారు, గట్టిగా ఉంది, పడలేదు. వదిలేశారు. స్విచ్ వేశారు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఒక్క కప్పుకే కదా అమ్మగారూ, ఇన్ని నీళ్లెందుకు?"

"తక్కువైతే మాడిపోదూ?"

కొన్నేళ్ల కిందట పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయారట. నీళ్లు ఇగిరిపోయి, గిన్నె నల్లగా మాడి, ఇల్లంతా పొగ. అప్పటినుంచీ ఏ గిన్నైనా నిండుగా పెట్టడమే. "ఇది దానంతట అదే ఆగుతుందని వాడంటాడు. ఆగదమ్మా. నేను చూశాను."

నేను నవ్వి కొట్టిపారెయ్యబోయాను. అంతలో కెటిల్ కుతకుతమంటూ మరిగింది, మరుగుతూనే ఉంది. ఆగలేదు. ఆవిడ మాట అక్షరాలా నిజం.

కారణం ఆ మూతే. కెటిల్ దానంతట అది ఆగడమనేది ఆవిరి చేసే పని. నీళ్లు మరిగినప్పుడు ఆవిరి ఒక సన్నటి దారిలోంచి వెళ్లి, రెండు లోహాలు అతికించిన చిన్న బిళ్లని వేడెక్కిస్తుంది. ఆ బిళ్ల టక్కున వంగి స్విచ్‌ని తన్నేస్తుంది. మూత సరిగ్గా పడకపోతే ఆవిరి పైనుంచే పోతుంది, బిళ్ల వేడెక్కదు. నీళ్లు ఇగిరిపోయే దాకా మరుగుతూనే ఉంటాయి. అడుగున ఇంకో బిళ్ల ఉంటుంది, నీళ్లు లేకుండా అడుగు కాగిపోతే సరఫరా ఆపేది అది. అంతదాకా ఆవిడ ఎప్పుడూ రానివ్వలేదు, నిండుగా నింపేవారు కాబట్టి.

గొలుసు ఇప్పుడు పూర్తిగా కనపడింది. బొటనవేలి నొప్పి వల్ల మూత పడదు. మూత పడక కెటిల్ ఆగదు. ఆగదు కాబట్టి మాడుతుందని భయం. భయంతో నిండా నింపుతారు. నీటిమట్టం చూపే గీతలు కెటిల్ లోపల స్టీలు మీద స్టీలు రంగులోనే ఉన్నాయి, మంచి చూపున్న నాకే కనపడలేదు. 200 మిల్లీలీటర్ల కోసం 2.9 కిలోలు ఎత్తుతున్నారు. 1500 వాట్ల కెటిల్లో కప్పుడు నీళ్లు నిమిషంలో కాగుతాయి, 1.7 లీటర్లకి ఆరేడు నిమిషాలు. అంతసేపు నిలబడలేక కూర్చుంటారు, కూర్చునే పోస్తారు. నీళ్లు ఒలికింది ఒళ్లోకి. తొడ మీద గాయం అక్కడే ఎందుకైందో నేను అప్పటిదాకా ఆలోచించనే లేదు! కప్పు నింపుకున్నాక మిగిలిన లీటరున్నర మరిగిన నీళ్లు చాలాసేపు గట్టు మీదే ఉంటాయి, చెయ్యి తగలడానికి సిద్ధంగా.

ఎంపిక

ముందు భయం సంగతి చూశాను. మూత కరుచుకుని ఉండగా ఒకసారి, తెరిచి ఒకసారి మరిగించి తేడా వినిపించాను. ఎలాగూ పారెయ్యబోతున్నాం కాబట్టి చివర్లో పాత కెటిల్‌ని చుక్క నీళ్లు లేకుండా కూడా వేసి చూపించాను. కొన్ని సెకన్లకి టక్‌మని ఆగింది. ఇది వాడుకలో ఉన్న కెటిల్‌తో చెయ్యాల్సిన పని కాదు. ఆవిడ రెండుసార్లు వేయించుకుని విన్నారు.

తర్వాత నాలుగు కెటిళ్లు తెచ్చి, కప్పుడు నీళ్లు పోసి, ఆవిడ చేతికే ఇచ్చాను. ఖాళీ కెటిల్‌ని పట్టుకుని తేలికగా ఉందనుకుని కొనడం చాలామంది చేసే పని. నీళ్లు పోశాక అది వేరే వస్తువు.

అన్నిటికంటే ముందు చూసింది మూత. బటన్ నొక్కితే స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునే మూతలు నాకు నచ్చవు, లోపల పట్టిన వేడి చుక్కలు మణికట్టు మీద చిందుతాయి. పూర్తిగా ఊడివచ్చే మూత చేతిలోంచి జారింది. మేం తీసుకున్నదానికి వెడల్పాటి రెక్క ఉంది, అరచేత్తో నొక్కితే చాలు, పడగానే శబ్దం వస్తుంది. బొటనవేలితో పని లేదు.

బరువు దగ్గర కాసేపు తర్జనభర్జన జరిగింది. 0.8 లీటర్ల వాటిలో రెండు మిగిలాయి. ఒకటి ఒంటి గోడది, ఇంకొకటి రెండు గోడలది, 150 గ్రాములు ఎక్కువ బరువు. తేలికైనదే తీసుకుందామని కొడుకు. కానీ ఆవిడ పోసేటప్పుడు వణుకు ఆపుకోవడానికి ఎడమచెయ్యి కెటిల్ ఒంటికి ఆనిస్తారు. వద్దని చెబితే రెండు రోజులు గుర్తుంటుంది, మూడోరోజు చెయ్యి దానంతట అది వెళ్తుంది. బయటి గోడ కాలకుండా ఉండటం కోసం 150 గ్రాములు ఒప్పుకున్నాం. కప్పుడు నీళ్లతో కలిపి కిలో దాటలేదు, పాతదానిలో మూడో వంతు.

సన్నటి పొడుగు కొమ్ము ఉన్నది ధార బాగా అదుపులో ఉంచుతుంది, కానీ వణుకు ఆ కొసకి వచ్చేసరికి పెద్దదై కప్పుని తన్నేస్తోంది. వద్దనుకున్నాం. గాజుది తడి చేతిలోంచి జారితే ఏమవుతుందో తెలిసిందే. డిగ్రీలు మార్చుకునేది కొందామన్నాడు కొడుకు, 80 దగ్గర పెడితే సురక్షితం కదా అని. పైన చెప్పిన సెకన్ల లెక్క చెప్పాను. టీ రుచి కోసమైతే సరే, భద్రతకి 80 ఏమీ చెయ్యదు. స్విచ్ మాత్రం అడుగున పెద్ద మీటగా ఉండి, పిడికిలి పక్కతో నొక్కగలిగేది కావాలన్నాను. ఆగినప్పుడు పైకి లేచే చప్పుడు కూడా ఆవిడకి వినపడాలి.

ఇంకొకటి, అట్ట మీద రాసి ఉండేదే గానీ ఎవరూ చదవనిది: కనీస నీటిమట్టం. కొన్ని కెటిళ్లలో అది అర లీటరు. మాకు 250 మిల్లీలీటర్లది కావాలి. ఎందుకో కింద చెబుతాను. నీళ్లు కాచే పరికరాల భద్రతకి ఐఈసీ 60335-2-15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దానికి తగ్గట్టు తయారైనవని రాసి ఉన్నవే చూశాం. అయితే ఆ ప్రమాణం కెటిల్ గురించి చెబుతుంది, దాన్ని పట్టుకునే చెయ్యి గురించి కాదు.

పనిచేసినది

కెటిల్ కంటే ఎక్కువ పనిచేసింది కప్పు.

తాగే కప్పుతోనే నీళ్లు కొలిచి కెటిల్లో పొయ్యడం. అంతే. ఒక కప్పు లోపలికి పోస్తే ఒక కప్పే బయటికి వస్తుంది. మొత్తం వంచేసినా పొంగదు. గీతలు చూడక్కర్లేదు, ధార ఎక్కడ ఆపాలో లెక్కపెట్టక్కర్లేదు, మరిగిన నీళ్లు మిగలవు. కప్పు అంచుకి కాస్త కిందకి నింపాలి. అది చన్నీళ్లతోనే చేస్తారు కాబట్టి కంటితో కాకుండా వేలు ముంచి చూసుకోవచ్చు. యంత్రం కింద పెట్టిన ఆ వేలికి చివరికి ఒక న్యాయమైన పని దొరికింది. పాత కప్పు చిన్నది, కనీస మట్టానికి చాలదు. 300 పట్టే, అడుగు వెడల్పున్న కప్పు తెచ్చాం.

వంటగట్టు ఆవిడ మోచేతి కంటే ఎత్తులో ఉంది, భుజం లేపి పోస్తుంటే వణుకు పెరుగుతోంది. అందుకని కెటిల్‌ని గోడ ప్లగ్గు పక్కనే ఉన్న బలమైన పొట్టి బల్ల మీదికి మార్చాం. 1500 వాట్లంటే 230 వోల్టుల సరఫరాలో ఆరున్నర ఆంపియర్లు, పొడిగింపు తీగల మీద పెట్టే వస్తువు కాదు. తీగ మిగులుని దిమ్మ కిందే చుట్టేశాం. దిమ్మ పక్కన అంచున్న ముదురు రంగు ట్రే, అందులో జారని చాప ముక్క, దాని మీద తెల్ల కప్పు. మోచేతులు డొక్కలకి ఆనించి, కొమ్ముని కప్పు అంచుకి తాకించి, రెండు చేతులతో వంచడం. నిలబడి పొయ్యడం, కూర్చుని తాగడం. కప్పు మోసుకెళ్లే పని లేకుండా కుర్చీని బల్ల అవతలి పక్కకి వేశాం. ఇవతల నిలబడి పోస్తారు, చుట్టూ తిరిగి వెళ్లి కూర్చుంటారు. ఒళ్లోకి ఒలికే దారి మూసుకుపోయింది.

మొదటి వారం చన్నీళ్లతో, తర్వాత కోడలు పక్కనుండగా వేడినీళ్లతో, ఆ తర్వాత ఒంటరిగా.

తర్వాత

అంతా సాఫీగా జరగలేదు. రెండో వారంలో చుట్టాలొచ్చి కెటిల్ నిండా నింపి పెట్టారు, ఆవిడ ఎత్తబోయి బరువు తెలిసి వదిలేశారు. ఇప్పుడు ఇద్దరొస్తే రెండుసార్లు కాస్తారు. మూడో నెలలో నీళ్లు పోసేటప్పుడు చిమ్ముతున్నాయని ఫోన్. కొమ్ము దగ్గర జల్లెడకి సున్నపు పొర పట్టేసింది. నెలకోసారి సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు కాచి పారబోయడం కొడుకు పని అయింది. అది నేను మొదటే చెప్పి ఉండాల్సింది.

జ్ఞాపకశక్తి తగ్గుతున్నవాళ్లకి ఈ కప్పు పద్ధతి నేను చెప్పను. వరస గుర్తుండాలి, కప్పు మారకూడదు. వాళ్లకి వేరే ఆలోచన కావాలి.

ఈ కేసు తర్వాత పరీక్షలో కెటిల్‌ని నేను నింపడం మానేశాను. పట్టు కొలిచే ముందు మూత వేయించి చూస్తాను. "ఎన్ని నీళ్లు పోస్తారు?" అని అడిగి ఊరుకోకుండా "ఎందుకన్ని?" అని కూడా అడుగుతాను. కాలిన గాయం ఒంటి మీద ఎక్కడుందో చూసి, ఆ సమయంలో మనిషి ఎలా కూర్చుని ఉండాలో, చేతులు ఎక్కడుండాలో బొమ్మ గీసుకుంటాను.

ఆరో నెలలో చివరిసారి వెళ్లాను. కప్పుతో కొలిచి పోశారు, మూత నొక్కారు, చప్పుడు విన్నారు, మీట వేశారు. అంతలో ముందుగదిలో ఫోన్ మోగితే వెళ్లారు. నేను కెటిల్ దగ్గరే ఉన్నాను. నిమిషం కాస్త దాటగానే మరిగి, టక్‌మని మీట పైకి లేచింది. ముందుగదిలో ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు.